వెనక్కి తిరిగే రోలరు

వస్త్ర యంత్రాల పాఠంలో దూదిని దువ్వే కోంబర్ దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు: "సార్, దూది ముందుకే కదా పోవాలి? ఆ రోలరు మధ్యలో వెనక్కెందుకు తిరుగుతుంది? లాగింది మళ్లీ వెనక్కిస్తే దండగ కాదా?" పాఠ్యపుస్తకం దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. నాకు మాత్రం ఆ యంత్రం మొత్తంలో అంతకంటే ఇష్టమైన భాగం లేదు. కోంబర్ చూడబోయిన వాళ్లందరూ సూదుల దువ్వెన చూసి ముచ్చటపడతారు. అసలు తెలివంతా ఆ వెనకడుగులో ఉంది.

పీచును విడదీసే కార్డింగ్ నుంచి వచ్చిన దూదిలో పొడుగు పీచూ పొట్టి పీచూ కలిసే ఉంటాయి. పొట్టి పీచు నూలుకు బలమివ్వదు, పైగా బయటికి పొడుచుకొచ్చి నూగులా కనబడుతుంది. సన్న నూలు వడకాలంటే దాన్ని దువ్వి తీసేయాల్సిందే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖాదీ వడికే ఆడవాళ్లు గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వుతారు. ఎంత గట్టిగా లాగాలో, ఎక్కడ ఆపాలో వాళ్ల వేళ్లకు తెలుసు. ఆ వేళ్ల పని ఇనుముకు నేర్పడం ఎలాగన్నదే చిక్కు.

నేర్పినవాడు జోజుయే హైల్మన్. నేటి ఫ్రాన్సులోని మ్యూలూజ్ పట్టణంలో 1796లో పుట్టాడు. అప్పటికే ఎంబ్రాయిడరీ యంత్రం తయారుచేసి పేరు తెచ్చుకున్నాడు. కూతుళ్లు జుట్టు దువ్వుకుంటుంటే చూసి ఈ ఉపాయం తట్టిందని శామ్యూల్ స్మైల్స్ తన 'సెల్ఫ్ హెల్ప్' పుస్తకంలో రాశాడు. నిజమో కట్టుకథో గానీ, ఉపాయం మాత్రం సరిగ్గా అదే: ఒక కొసను గట్టిగా పట్టుకుని రెండో కొసను దువ్వడం. 1845లో పేటెంటు తీసుకున్నాడు, 1848లో పోయాడు. లాభాలు కళ్లచూడలేదు.

ఆ తర్వాత మొదలైంది తగాదా. ఇంగ్లండులో ఉన్ని దువ్వే యంత్రాల మీద పట్టు సంపాదించిన శామ్యూల్ లిస్టర్‌కు ఈ యంత్రం పంటి కింద రాయి అయింది. వ్యవహారం కోర్టుకెక్కింది, హైల్మన్ వారసులు గెలిచారు. అప్పుడు లిస్టర్ 30,000 పౌండ్లిచ్చి ఉన్ని హక్కులు కొనేశాడు. వాడుకోవడానికి కాదు, తన యంత్రాలకు పోటీ రాకుండా మూలన పెట్టడానికి! పత్తి హక్కులు మాత్రం లాంకషైర్ మిల్లుల వాళ్ల చేతికొచ్చాయి. అందుకే ఇంగ్లండులో హైల్మన్ ఉపాయం ఎక్కువగా పత్తిలోనే పెరిగి పెద్దదైంది.

ఇప్పుడు రోలరు దగ్గరికి వద్దాం. కోంబర్‌లోకి దూది ఒక పలుచని పొరగా వస్తుంది. నిప్పర్ అనే ఇనప దవడ దాన్ని కరిచి పడుతుంది. అంచున కుచ్చులా వేలాడే పీచులోంచి గుండ్రటి దువ్వెన సూదులు దూసుకుపోతాయి. దవడకు చిక్కని పొట్టి పీచు సూదులతో కొట్టుకుపోతుంది. వంద కిలోలకు సాధారణంగా 12 నుంచి 20 కిలోల దాకా ఇలా పోతుంది. మిల్లు వాళ్లు దాన్ని నాయిల్ అంటారు. అదీ వృథా కాదు, మన కరెన్సీ నోట్ల కాగితంలోకి కూడా వెళ్తుంది. దువ్వడం అయ్యాక దవడ ముందుకు జరిగి తెరుచుకుంటుంది. కుచ్చు మొన డిటాచింగ్ రోలర్ల మధ్యకు అందుతుంది. అవి లాగుతాయి. లాగేటప్పుడు తోక భాగం పైదువ్వెన పళ్లలోంచి వస్తుంది కాబట్టి అదీ శుభ్రపడుతుంది.

ఇక్కడే అసలు ఇబ్బంది. దువ్విన దూది ముక్కలు ముక్కలుగా, కుచ్చు తర్వాత కుచ్చుగా వస్తోంది. మనకు కావలసింది తెగని పొర. పాత కుచ్చు ముందుకు వెళ్లిపోయాక కొత్తది వస్తే రెంటికీ మధ్య ఖాళీ. అందుకే రోలరు వెనక్కి తిరిగి పాత కుచ్చు తోకను తిరిగి తెస్తుంది. దాని మీద కొత్త కుచ్చు మొన పడుతుంది. తాటాకుల ఇంటి కప్పులో ఒక వరుస అంచు మీద ఇంకో వరుస ఎక్కినట్టు! రెండూ కలిశాక రోలరు వెనక్కి వెళ్లినదానికంటే ఎక్కువ ముందుకు తిరుగుతుంది. మిగిలిన ఆ తేడాయే యంత్రం ఇచ్చే దూది. వెనకడుగు లేకపోతే బయటికొచ్చేది పొర కాదు, కుచ్చుల వరస.

కుచ్చు మీద కుచ్చు ఎక్కినచోట కొంచెం మందం ఉంటుంది. ఆ మందాలు పొర అడ్డంగా ఒకే గీతలో పడితే నూలులో ఎగుడుదిగుళ్లు తప్పవు. అందుకని పొరను తాడులా కూర్చే గరాటును నడిమధ్యన కాక ఒక పక్కకు పెడతారు. ఒక అంచు ముందు, రెండో అంచు వెనక చేరుతాయి. అతుకు ఏటవాలుగా సాగి పలుచబడుతుంది. పైసా ఖర్చులేని వైద్యం.

ఒక బరువైన రోలరును ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపి, ముందుకు తిప్పడం ఎలా? తొలి యంత్రాల్లో క్యామ్‌లు, గాడుల చక్రాలు, పట్టి విడిచే కొక్కేలు ఆ పని చేశాయి. నిమిషానికి నూరు సార్లు కూడా కష్టమే, వేగం పెంచితే కొక్కెం దెబ్బలకే అరిగిపోయేది. తర్వాత వచ్చిన డిఫరెన్షియల్ గేరు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. లోపలికి రెండు కదలికలు వస్తాయి. ఒకటి మెయిన్ షాఫ్టు నుంచి ఎప్పుడూ ముందుకే తిరిగే సమవేగం. రెండోది కడ్డీల అమరిక నుంచి వచ్చే అటూ ఇటూ ఊగుడు. గేరు ఆ రెంటినీ కూడుతుంది. ఊగుడు ముందుకు ఉన్నప్పుడు రోలరు జోరుగా ముందుకు పోతుంది. ఊగుడు వెనక్కి ఉండి సమవేగంతో సరిసమానమైన క్షణంలో రోలరు ఆగుతుంది. ఇంకాస్త పెరిగితే వెనక్కి తిరుగుతుంది. కొక్కెం లేదు, పట్టి విడవడం లేదు, పళ్లు ఎప్పుడూ పళ్లలోనే ఉంటాయి. కూడిక ఒక్కటే!

నేటి కోంబర్ నిమిషానికి 500 సార్ల దాకా దువ్వుతుంది. అంటే ఒక్క ఆవృత్తికి 0.12 సెకను. యంత్రం సర్దుబాట్లకు ఉండే ఇండెక్స్ చక్రం మీద 40 గుర్తులుంటాయి. ఒక్కో గుర్తుకు దక్కేది 3 మిల్లీసెకన్లు. వేగం అయిదింతలైతే త్వరణం ఇరవై అయిదింతలవుతుంది, రోలరును తిప్పే బలమూ అంతే పెరగాలి. పైగా ఎనిమిది తలల (పక్కపక్కనే ఎనిమిది చోట్ల దువ్వే) యంత్రంలో ఆ రోలరు ఈ చివరి నుంచి ఆ చివరికి సాగుతుంది. ఒక కొసన తిప్పితే రెండో కొస క్షణం ఆలస్యంగా కదులుతుంది, రోలరు మెలిపడుతుంది. మొదటి తలకూ చివరి తలకూ అతుకు ఒకేలా పడదు.

"లావు రోలరు వేస్తే సరి" అనిపిస్తుంది. వేస్తే మెలికను తట్టుకునే బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, నిజమే. కానీ జడత్వమూ నాలుగో ఘాతంలోనే పెరుగుతుంది! రోలరు సొంత బరువు వరకు లెక్క చూస్తే, ఉపరితలం మీద దూది కదలిక మారనంత కాలం, అక్కడ మెలిక తెచ్చే తేడా లావుతో తగ్గదు. పొడవు తగ్గిస్తే మాత్రం తగ్గుతుంది, అదీ వర్గంలో. అందుకే కొత్త యంత్రాల్లో కొన్ని రోలరును రెండు కొసల నుంచీ తిప్పుతాయి. ఒక్కో వైపు సగం పొడవే భారం, మెలిక నాలుగో వంతుకు పడిపోతుంది.

మిగతాది త్వరగా చెప్పేయొచ్చు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నాస్మిత్ అనే అతను హైల్మన్ యంత్రాన్ని చక్కదిద్దాడు. స్విట్జర్లాండు, జపాన్, జర్మనీ కంపెనీలు వేగం పెంచాయి. మన దేశంలో కోయంబత్తూరులోనూ కోంబర్లు తయారవుతున్నాయి. ఇప్పుడు సర్వో మోటార్లు వచ్చాయి. రోలరు ఎప్పుడు వెనక్కి తిరగాలో రెంచి లేకుండా స్క్రీన్ మీదే మార్చుకోవచ్చు.

సర్వో మోటారు లోపల ఏం జరుగుతుందో కంటికి కనిపించదు. ఇంజనీరింగ్ విద్యార్థులు మిల్లుకు వెళితే, మరమ్మతు కోసం గేరు పెట్టె విప్పిన పాత కోంబర్ ఎక్కడుందో అడగండి. మిస్త్రీని బతిమాలి షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పించండి. రెండు కదలికలు కలిసి రోలరు వెనక్కి మళ్లే చోటును ఒక్కసారి కళ్లారా చూస్తే డిఫరెన్షియల్ పాఠం ఇక బట్టీ పట్టనక్కర్లేదు.