గుడారము వేయు నేల ఎవరిది?

కార్తికము గడచి, వానాకాలపు వరికోతలు ముగిసి, నిజాంసాగరు కాలువల క్రింది మళ్లన్నియు మోళ్లుగా మిగిలి, వడ్లు కాంటాలకెక్కి చేతిలో నాలుగు రూకలు ఆడు వేళకు, బాన్సువాడ యువకుల చూపు ఏటేట తూర్పునకు, ఎన్నో జిల్లాల కావలనున్న అరకు లోయ మీదికి మరలుచున్నది. మన ఊరికి రైలు లేదు గనుక కామారెడ్డికో సికింద్రాబాదుకో పోయి బండినెక్కి, రాత్రంతయు కూర్చుండి విశాఖపట్టణమున దిగి, ప్రాతఃకాలమున కిరండూలు రైలులో పెక్కు సొరంగములను దాటి కొండపైకి చేరిన వారికి అచట ముందుగా ఎదురగునది చలి కాదు, ‘గదులు లేవు’ అను మాట. డిసెంబరు శనివారములందు లాడ్జీలు పక్షము ముందే నిండును. నిండగా మిగిలిన మూల గదికి అద్దె చెప్పువాని ముఖమున దయ కనబడదు. అపుడు మిత్రబృందములో ఒకడు చుట్టును చూచి, ‘ఇంత ఖాళీ జాగ ఉన్నది గదరా, టెంటు ఏసుకుందాం’ అనును. ఈ కథనమంతయు ఆ ఖాళీ జాగను గూర్చియే.

గుడారపు బస ఆ కొండలలో దొరకదని కాదు. ఘాటు దారినెక్కునపుడు అనంతగిరికి ముందుగా తైడ యొద్ద ప్రభుత్వ పర్యాటక సంస్థ వారి ‘జంగిల్ బెల్స్’ విడిది కలదు. అరకులో పలువురు స్థానికులు ఇంటి వెనుక దొడ్లను చదును చేసి, వరుసగా టెంట్లు నిలిపి, స్నానపు గదియు భోజనమును చూపి అద్దెకిచ్చుచున్నారు. పాడేరు సమీపమున వంజంగి కొండ పాదమున, తెల్లవారుజామున శిఖరమెక్కి క్రింద లోయ నిండ పరచుకొను మబ్బుల సముద్రమును చూడగోరు వారి కొరకు డేరాల వాడలే వెలసినవి. ఇంకను పడమరగా, చింతపల్లి మండలమున 3000 అడుగులకు పైబడిన ఎత్తున నున్న లంబసింగి, చలి బాగుగా ముదిరిన యేట శూన్యడిగ్రీల దరికి దిగు చోటుగా పేరుపొంది, అరకు రద్దీలో కొంత తన మీదికి తెచ్చుకొన్నది. నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లి పోవు ఆ ఘాటు దారి పనులలోనే గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియను మన్యపు కూలీలకు కూలి సరిగా ముట్టజెప్పక పీడించిన సంగతియు, 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి ఠాణాపై పడి తుపాకులు గైకొన్న సంగతియు చరిత్ర పుస్తకములలో నున్నవి. నేడు ఆ వంపులలో కారు నిలిపి ఫొటోలు దిగువారిలో ఎందరికి ఈ సంగతి తెలియునో!

ఈ బసలన్నిటిలో నాకు మిక్కిలి నచ్చినది మారేడుమిల్లి పద్ధతి. రాజమహేంద్రవరము నుండి భద్రాచలము పోవు అడవి దారిలో, వాలమూరు దగ్గర, వాలిసుగ్రీవులు పోరాడిన తావని చెప్పుకొను ఏటి ఒడ్డు పచ్చికపై, ‘జంగిల్ స్టార్’ అను గుడారపు విడిది కలదు. దానిని నడుపుట అటవీశాఖ అండతో గిరిజనుల వన సంరక్షణ సమితి పని. డబ్బు ఎవరి చేతికి పోవుచున్నదో అచట తెలియును. నేల ఎవరిదో తెలియును. రాత్రి ఏనుగంత శబ్దము చేయుచు అడవిపంది పొదలలో కదలినను పిలువదగిన మనిషి పిలుపు దూరముననే యుండును. గుడారమునకు ఇంతకు మించిన సౌకర్యము నేనెరుగను.

తక్కిన చోట్ల ఈ మూడింటిలో ఏదో ఒకటి లోపించుచున్నది. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములు 2022 ఏప్రిల్ 4 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివి, షెడ్యూల్డు ప్రాంతములు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ, జనుల నోట 1/70 చట్టముగా పేర్గాంచినది, అచటి నేలను గిరిజనేతరుల చేతికి పోనీయదు. 1997లో సమత సంస్థ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రభుత్వము సైతము ఆ ప్రాంతపు భూములను ప్రైవేటు గని సంస్థలకు లీజుకిచ్చుట చెల్లదని తీర్పు చెప్పినది. కనుక కొండవాలున వరుస గుడారములు చూచినపుడు బేరమాడుటకు ముందు, ‘ఈ జాగ ఎవరిది, ఈ పైకము ఎవరికి చేరును?’ అని విచారించుట మర్యాద మాత్రమే కాదు, వివేకము కూడ. పట్టా ఒకరిది, పెట్టుబడి వేరొకరిది, చాకిరి మరియొకరిది అయిన చోట ఏ రాత్రి ఎవరు వచ్చి లెమ్మందురో చెప్పజాలము.

ఇక గుడారముల వాడలు విడిచి, జనసమ్మర్దమునకు దూరముగ తామే ఒక తావు వెదకుకొందుమను వారి సంగతి. బాటసారి కంటికి ఖాళీగా తోచు నేలలను ఒకటొకటిగ చూతము. వెండి ఓకు చెట్ల క్రింద చదునుగ, నీడగ, పార్కు వలె ఊడ్చినట్లున్నది కాఫీ తోట. యాత్రికులు వచ్చు నవంబరు మొదలు జనవరి వరకును గల నెలలే కాఫీ పండ్లు కోయు నెలలు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా ఆ నేలది, ఆ చేతులది. లోయ అంతయు పసుపుబారినట్లు పూచినది వలిసె చేను. ఫొటోలకై దిగి తొక్కిన ప్రతి మొక్కయు నూనెగింజల లెక్కలో తరుగు. రాళ్ల నడుమ నల్లగ కాలిన వాలు పోడు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద దానికి పట్టా యుండవచ్చును, లేకున్నను దున్నువాడు ఉన్నాడు. ఇవి మూడును కాని చోటు రక్షితారణ్యము; అందు అనుమతి లేక ప్రవేశించుటయు, నిప్పు రాజేయుటయు అటవీ చట్టము ప్రకారము నేరము. మన దేశమున ఎవ్వరిదియు కాని నేల యని ఒకటి లేదు. ఉన్నట్లు తోచినచో మనమింకను ఎవరినీ అడుగలేదని అర్థము.

ఇది ఏమి కట్టడి, అమెరికాలో మా అబ్బాయి అడవిలో ఎక్కడ బడితే అక్కడ టెంటు వేయుచున్నాడే యని అడుగు తండ్రులు బాన్సువాడలో సైతము ఉన్నారు. అబ్బాయి చెప్పినది నిజమే, సగము. కొలరాడోలో ఎస్టెస్ పార్క్ అను కొండపట్టణము కలదు; 1915లో ఏర్పడిన రాకీ మౌంటెన్ జాతీయోద్యానమునకు అది ద్వారము; వేసవి వచ్చినచో మన అరకు కంటె ఎక్కువ కిక్కిరియును. ఉద్యానము లోపలి శిబిరస్థలములకు ఆరు నెలల ముందే కంప్యూటరు ముందు కూర్చుండి రిజర్వేషను చేసికొనవలెను. దొరకని వారు వెలుపలి జాతీయ అడవులకు పోయి, అద్దె లేక, కుళాయి లేక, మరుగుదొడ్డి లేక, విడివిడిగా గుడారములు వేసికొందురు. అదియు విచ్చలవిడి కాదు. సాధారణముగ ఒక తావున 14 రోజులకు మించి ఉండరాదు. ఏటికిని చెరువుకును 200 అడుగుల ఎడము పాటించవలెను. కాలకృత్యములకు ఆరేడు అంగుళముల గుంట త్రవ్వి పూడ్చవలెను. అడవికి ఎండదెబ్బ తగిలిన దినములలో మంట నిషిద్ధము. పట్టణమునకు సమీపమున ఈ వెసులుబాటు సైతము గుర్తించిన కొలది చోట్లకే పరిమితము. ఆ కొండలలో అరాపహో, యూట్ జాతులవారు తరతరాలుగా వేసవి గుడారములు వేసికొనెడివారు. వారిని తొలగించిన పిదపనే అది అందరి నేల యైనది. ఈ మాట అబ్బాయి ఫోనులో చెప్పియుండడు.

మనకు గుడారపు విద్య పరాయిది కాదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీ యైన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, డేరాలతో పరివారముతో, హైదరాబాదు, నిర్మల, నాగపురముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకి నీటి వసతి, అంగళ్లు, దిగుటకు తగిన చోటు మొదలగునవి ఓపికతో వ్రాసిపెట్టినాడు. గుడారము వేయబోవువాడు నేడును వ్రాసికొనవలసినవి అవియే.

వీరాస్వామయ్య అంత దూరము పోనక్కరలేదు. సంక్రాంతి దాటినంతనే బాన్సువాడ పొలిమేరలలో చూడుడు. గొల్లకురుమలు గొర్రెల మందలతో దిగుదురు. వారి గుడారము భుజము మీది గొంగడియే: నల్లని దక్కను గొర్రె ఉన్నితో నేసినది, చలికి కప్పు, వానకు గొడుగు, నేలపై పరుపు. సాయంకాలమునకు మందను ఏ చేనిలో ఆపుదురో అది ముందే రైతుతో మాటయై యుండును. తడికెల నడుమ గొర్రెలను నిలిపి, కుక్కలను చుట్టును వదలి, కాపరి గాలివాటు చూచి ఒక అంచున పరుండును. మరునాడు మంద ఆ చేనిలోనే కొంత జరుగును; ఆ మరునాడు మరికొంత; ఇట్లు చేనంతయు ఎరువుతో తడియును. అందులకు రైతు వారికి గింజలో పైకమో ఇచ్చును. అనగా, బస చేసినందుకు బస చేసిన వానికే నేల యజమాని కట్నమిచ్చుచున్నాడు! వారు విడిచిపోవునది పంటకు బలము. మనము విడిచిపోవునవి నీళ్ల సీసాలు, చిప్సు సంచులు, పగిలిన బీరు గాజు. రైతు మందకు చేను తెరచి మనకు ముఖము చిట్లించుట న్యాయమే.

అరకు పోలేనివారికి ఇంటి దరినే రెండు జలాశయములు కలవు. మంజీర మీద, 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు బాన్సువాడకు దక్షిణమున నున్నది. నవాబ్ అలీ నవాజ్ జంగు యోజనాశక్తికి నిదర్శనము. దాని నీటి వెంబడి వలస వచ్చిన కృష్ణా గోదావరీ తీరపు రైతులు తొలుత దిగిన మకాములు బోధన్, వర్ని, కోటగిరి దిక్కున నేటికిని క్యాంపులను పేరుతోనే ఊళ్లై స్థిరపడినవి. సాగరు తీరమున శీతకాలపు ఉదయము కొంగలను, బాతులను చూచుచు కూర్చుండుటకు కొండ అవసరము లేదు. కాని ఇచట ఒక మోసమున్నది. పూర్తి మట్టము 1405 అడుగుల నుండి నీరు తగ్గుచు పోగా బయటపడు విశాలమైన ఒండ్రు నేల, చదునుగ, మెత్తగ, గుడారమునకే పరచినట్లుండును. అది శిఖం భూమి. నీరు వెనుకకు పోవు కొలది రైతులు దానిలో విత్తుదురు. విత్తని భాగము మరింత ప్రమాదకరము: పైన ఎండి పగుళ్లువారిన పెచ్చు పాలమీది మీగడ వలె పలుచన, మేకు దిగగొట్టినచో రెండు దెబ్బలకు సర్రున దిగి, చేతితో లాగినంతనే బురదనోడుచు ఊడివచ్చును. మేకు ఇట్లు ఊడివచ్చిన చోట మనిషి కాలు సైతము నిలువదు. కట్ట వైపు, మొరము నేల కనబడునంతవరకు వెనుకకు నడువవలెను. అచట నీటిపారుదల శాఖ వారిని గాని, ఊరి పెద్దను గాని అడిగిన పిదపనే మూట విప్పవలెను.

రెండవదైన పోచారము సంగతి వేరు. 1916, 1922ల నడుమ కట్టిన ఆ చెరువు చుట్టు అడవి ఒకప్పుడు నిజాము వేటభూమి. 1952 నుండి వన్యప్రాణి అభయారణ్యము. జింకలను చూచి పగలు తిరిగి రావచ్చును గాని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యమున అడుగిడుటకే అధికారి అనుమతి కావలెను, నిప్పు పెట్టుట శిక్షార్హము. కనుక ‘క్యాంపు ఫైరు’ మోజు ఇంటివద్దనే విడిచి పోవుట మేలు. మోదుగాకు రాలి ఎండిన ఫాల్గుణమున ఒక నిప్పురవ్వ చాలును.

అనుమతి దొరికిన నేలపై సైతము కొన్ని జాగ్రత్తలు తప్పవు. చలి రాత్రి మంచు ఎక్కువ కురియునది పల్లపు చోటున. అడుగు వాలు కలిగిన మెరక మీద తల ఎత్తుగ నుంచి పరుండవలెను. ఎండిన కొమ్మ గల తుమ్మ క్రింద గుడారము తగదు. మన ప్రాంతమున మిక్కిలి జడియదగినది పులి కాదు, కట్లపాము: రాత్రులందే తిరుగును, నేలపై నిద్రించువారినే తరచు కరచును, కాటు చీమకుట్టినంతయు తెలియకపోవచ్చును. కనుక టెంటు జిప్పు తుదివరకు లాగుట, చెప్పులు లోపలనే పెట్టుకొనుట, లైటు లేక వెలుపల అడుగిడకుండుట తప్పనిసరి; అనుమానము కలిగినచో మంత్రము, వేరు, నోటితో పీల్చుట వంటి వానితో కాలము చెరుపక నేరుగా ప్రభుత్వాసుపత్రికే పోవలెను.

నిజాంసాగరు కట్టకు దిగువన, మంజీర ఇసుకతిన్నెలపై వెన్నెల రాత్రి బహు సొగసుగ నుండును. అందుచేతనే పడుచువాండ్రు అచటనే పడక వేయజూతురు. ఎగువన సింగూరు నుండి నీరు వచ్చినచో నిజాంసాగరు గేట్లు ఏ జామునైనను ఎత్తవచ్చును. 2025 ఆగస్టు తుదిని కామారెడ్డి జిల్లాపై కురిసిన కుండపోతలో వాగులన్నియు ఏకమై పోచారము కట్టను పొరలిపోయిన తీరు చూచినవారు ఏటి గర్భమును నమ్మరు. గేట్ల సంగతి ముందునాడే ప్రాజెక్టు వద్ద అడిగి తెలిసికొనవలెను. ‘నీళ్లిడుస్తరంట బిడ్డా’ అని గొర్రెలకాపరి యెవడైన అన్నచో, అధికారి ధ్రువీకరణకై కాచుకొని యుండక, మూట కట్టుకొని బాన్సువాడ బస్సెక్కవలెను.