జెల్లీ చేపకు రెండు జీవితాలు

వలలో చేపలకు బదులు జిగురుముద్దలు నిండిన రోజున మత్స్యకారుని శ్రమ వ్యర్థమే. జెల్లీ చేపలని పిలువబడే ఈ ప్రాణులు నిజానికి చేపలు కావు. వీటికి వెన్నెముక లేదు, మెదడు లేదు; దేహంలో అధికభాగం నీరే. ఒక్కసారిగా గుంపులుగా కనిపించి, కొద్దికాలానికే మాయమవుతాయి. ఇవి ఎక్కడినుండి వస్తాయో తెలియాలంటే నీటి అడుగున వెదకాలి.

ఎక్కువగా పరిశీలింపబడిన చంద్ర జెల్లీనే ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని పారదర్శకమైన గొడుగులో గుర్రపులాడం ఆకారంలో నాలుగు గుర్తులుంటాయి. అవే బీజకోశాలు. ఆడ, మగ వేరువేరు. మగది శుక్రకణాలను నూలుపోగుల వలె నీటిలోకి విడుస్తుంది. ఆడది వాటిని ఆహారం వలెనే నోటిద్వారా లోనికి తీసుకొంటుంది. ఫలదీకరణ చెందిన అండాలు తల్లి నోటిచుట్టూ వ్రేలాడే మడతలలో కొంతకాలం పెరుగుతాయి. ఇంత సాధారణ జీవిలో ఈమాత్రం సంరక్షణ విశేషమే.

అక్కడినుండి వెలువడిన డింభకం పేరు ప్లానులా. ఒంటినిండా ఉన్న సూక్ష్మమైన నూగుతో కొన్నాళ్లు ఈది, రాతికో, గుల్లకో, రేవు స్తంభానికో క్రిందివైపున అంటుకొంటుంది. అంటుకొన్నాక పాలిప్‌గా మారుతుంది. ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లు. పైన నోరు, చుట్టూ సన్నని స్పర్శకాలు. ఈ దశలో ఆడమగ ప్రసక్తి లేదు. పాలిప్ ప్రక్కనే మొగ్గ తొడిగి మరో పాలిప్ పుడుతుంది.

అనుకూల సమయంలో పాలిప్ దేహంపై అడ్డంగా నొక్కులు పడి, పళ్లేల దొంతరలా మారుతుంది. ఒక్కొక్క పళ్లెం విడివడి ఎనిమిది రెక్కల పిల్ల జెల్లీగా ఈదిపోతుంది. దీనిని ఎఫైరా అంటారు. కొన్ని నెలలలో అది గొడుగు విప్పి, బీజకోశాలు ఏర్పడి ప్రౌఢమవుతుంది. చల్లని సముద్రాలలోని చంద్ర జెల్లీ పాలిప్‌లు శీతకాలం గడచినట్లు ఎలా గుర్తిస్తాయో 2014లో తెలిసింది. చలి ఎంతకాలం ఉంటే అంతగా ఒక ప్రోటీన్ పేరుకొని, విభజనకు వేళయిందని సూచిస్తుంది.

పాలిప్‌ను, దొంతరను పూర్వం వేరువేరు జీవులుగా భావించి పేర్లు పెట్టారు. నార్వే దేశపు చర్చి గురువు మైకేల్ సార్స్ 1841 నాటికి ఇవన్నీ ఒకే ప్రాణి దశలని నిరూపించాడు.

గొంగళిపురుగు సీతాకోకచిలుక అయ్యాక గొంగళి మిగలదు. ఇక్కడ అలా కాదు. పళ్లేలు విడిపోయాక అడుగున మిగిలిన పాలిప్ మళ్లీ స్పర్శకాలు పెంచుకొని బ్రతుకుతుంది. అరటిదుబ్బు పోలిక దీనికి చక్కగా నప్పుతుంది: గెల వేసిన చెట్టు పోతుంది, దుబ్బు నిలుస్తుంది. గొడుగు జెల్లీ ఆయుష్షు సాధారణంగా ఏడాదిలోపే. పాలిప్‌లు ఏళ్ల తరబడి ఉంటాయి.

కనుక వలలో పడినవాటిని ఎంత పారవేసినా మరుసటి ఏటి గుంపు తగ్గదు. రేవుకట్టలు, సముద్రంలోని ఇతర కట్టడాలు పాలిప్‌లకు కొత్త నివాసాలవుతున్నాయని 2013లో కొందరు శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. ఈ బెడద వలలకే పరిమితం కాదు. తమిళనాడులోని కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం సముద్రపు నీటిని తోడుకొనే చోట సైతం జెల్లీ గుంపులు జాలీలకు అడ్డుపడ్డాయి.