బడికి రాని బిడ్డ కొరకు

ఒక బాలిక వరుసగా నాలుగు దినములు బడికి రాలేదనుకొందము. హాజరుపట్టీలో ఆమె పేరునకు ఎదురుగా నాలుగు గైర్హాజరులు పడును. పట్టీ చెప్పగలిగినది అంతవరకే. ఏల రాలేదను ప్రశ్నకు సమాధానము ఆమె యింటిలో గలదు. ఆ సమాధానమును బడికి చేర్చుటకు ఏర్పడినదే పాఠశాల సామాజిక కార్యకర్త వృత్తి.

ఈ వృత్తి అమెరికాలో 1906-07 ప్రాంతమున న్యూయార్కు, బోస్టను, హార్ట్‌ఫర్డు నగరములలో పుట్టినది. పిల్లల యిండ్లకు వెళ్లి, తల్లిదండ్రులకును బడికిని నడుమ వారధిగా నిలిచిన వారిని ఆ దినములలో ‘ఇంటికి వచ్చు ఉపాధ్యాయులు’ అను అర్థముగల పేరుతో పిలిచెడివారు. 1913లో రోచెస్టరు నగర విద్యామండలి తన నిధులతోనే అట్టివారిని నియమించినది. మన దేశమున సామాజిక సేవా శిక్షణము 1936లో బొంబాయిలో నెలకొన్న టాటా విద్యాసంస్థతో ఆరంభమైనది.

ఇరువురి పని యెట్లు కలియునో చూతము. హైదరాబాదు పాతబస్తీలో లక్క గాజులకు రాళ్లు అతికించు పని అనేక గృహములలో జరుగును. తల్లి మంచము పట్టినచో ఆ పని కూతురి చేతికి వచ్చును. ఉపాధ్యాయిని చూచునది వ్రాయని ఇంటిపని, నిద్ర కమ్మిన కన్నులు మాత్రమే. ‘దీనికి చదువుపై శ్రద్ధ లేదు’ అని ఆమె తలచుట సహజము. కార్యకర్త ఆ యింటి గడపలో కూర్చుండి, ఆ తల్లి భాషలోనే మాటలాడి, అసలు కారణము తెలిసికొనును. పిదప ఇరువురును పని పంచుకొందురు. తల్లికి వైద్యము, కుటుంబమునకు రావలసిన సహాయము, తండ్రితో సంప్రదింపు కార్యకర్త వంతు. తప్పిన పాఠములను తిరిగి చెప్పుట, తోటివారి యెదుట నిందింపకుండుట ఉపాధ్యాయిని వంతు. ఒకరు లేక మరియొకరి శ్రమ సగములోనే నిలిచిపోవును.

ఇందు ఒక నియమము ముఖ్యము. ఇంటిలో విన్న మాట ఉపాధ్యాయుల గదిలో కబురు కారాదు. బోధనకు అవసరమైనంత మాత్రమే తెలుపవలెను. అయితే బిడ్డపై లైంగిక హింస జరిగినదని తెలిసిన యెడల దాచరాదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము దానిని పోలీసులకు తెలుపుట విధి. ఆపదలో నున్న పిల్లల కొరకు 1098 అను ఫోను సంఖ్య గలదు.

బడి మానిన బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చి, ప్రత్యేక శిక్షణ నీయవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. కాని ఆ బిడ్డను వెదకి తెచ్చువారెవరు? మన సామాన్య పాఠశాలలలో సామాజిక కార్యకర్త యుద్యోగము అరుదు. ఆ లోటు తీరువరకు, రేపు ఉపాధ్యాయులు కానున్న మనము హాజరుపట్టీని మూసి ఊరకుండక, ఆ యింటి తలుపు తట్టుట నేర్చుకొందము.