గొట్టంలో వచ్చే కొండ

బైలడిల్లా కొండల్లోని ఇనుప ఖనిజం విశాఖకు రెండు దారుల్లో దిగుతుంది. ఒకటి అందరూ ఎరిగిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం, సుమారు 445 కిలోమీటర్లు. రెండోది 267 కిలోమీటర్ల ఉక్కు గొట్టం. 2000ల దశకం మధ్యలో ఎస్సార్ సంస్థ వేసింది. ఇప్పుడు ఆర్సెలర్ మిట్టల్ నిప్పాన్ స్టీల్ చేతిలో ఉంది. కిరండూల్‌లో ఖనిజాన్ని మెత్తగా నూరి, నీళ్లు కలిపి, ఆ ఎర్రటి స్లర్రీని పంపులతో సముద్రం వైపు తోస్తారు.

గొట్టం పొడవు గొప్పదే. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది మాత్రం అందులోని రేణువు ఒంటిమీది విద్యుదావేశం.

ఇనుప ఆక్సైడ్ నీళ్లలో తడవగానే దాని పైపొర మీద హైడ్రాక్సిల్ గుంపులు ఏర్పడతాయి. నీరు ఆమ్లమైతే అవి ప్రోటాన్లను పట్టుకుంటాయి, రేణువుకు ధనావేశం వస్తుంది. క్షారమైతే ప్రోటాన్లను వదులుతాయి, రుణావేశం మిగులుతుంది. నడుమ ఒకచోట లెక్క సున్నా. శుద్ధమైన హెమటైట్ అనే ఇనుప ఆక్సైడ్‌కు ఆ చోటు పీహెచ్ 8, 9 ప్రాంతం. ఇసుకలోని క్వార్ట్జ్‌కు 2 దగ్గర. ఆవేశం బలంగా ఉన్నంతసేపూ రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలతాయి. సున్నాకు చేరితే గుంపుకట్టి అడుగుకు దిగిపోతాయి.

ఇక్కడికి సర్ఫాక్టెంట్ వస్తే కథ రక్తికడుతుంది. దాని అణువుకు నీటిని ఇష్టపడే తల, నూనెను ఇష్టపడే తోక. తలంటుకు కుంకుడు రసాన్ని నురగలెత్తించే సపోనిన్లు ఈ జాతివే. ఆవేశమున్న తల, తనకు వ్యతిరేక ఆవేశమున్న రేణువును వెతుక్కుని అతుక్కుంటుంది. మొదట ఒక్కొక్కటిగా. గాఢత పెరిగేకొద్దీ పక్కపక్కన చేరిన తోకలు నీటిని తప్పించుకోవడానికి ఒకదానితో ఒకటి ముడిపడతాయి. అక్కడి నుంచి అతుక్కునే జోరు ఒక్కసారిగా పెరుగుతుంది. తోకలు బయటికి తిరిగిన రేణువు నీటిని వదిలి గాలిబుడగను పట్టుకుంటుంది. ఇంకా పోస్తే రెండో పొర తలలు బయటికి పెట్టి కూర్చుంటుంది, రేణువు మళ్లీ నీటిదవుతుంది. ఎక్కువ వేస్తే మొదటికే మోసం.

ఈ మెట్లను అల్యూమినా మీద కొలిచి 1966లో ప్రచురించినవారు సోమసుందరన్, ఫ్యూర్‌స్టెనావ్. పొనిస్సెరిల్ సోమసుందరన్ కేరళలో పుట్టి, బెంగళూరులో చదివి, బర్క్‌లీలో పరిశోధన చేశారు. అల్యూమినా మనకు పరాయిది కాదు: అల్యూమినియం సంస్థ నాల్కో దామన్‌జోడిలో తయారుచేసే ఆ తెల్లటి పొడి విశాఖ రేవులో ఓడలకెక్కుతుంది.

ప్రపంచంలో ఎన్నో ఇనుప గనులు సర్ఫాక్టెంట్ రేణువుకు అతుక్కునే ఈ గుణంతోనే ఖనిజంలోంచి ఇసుకను ఏరేస్తాయి. క్షార జలంలో క్వార్ట్జ్, హెమటైట్ రెండూ రుణావేశంతోనే ఉంటాయి కాబట్టి అమీన్ అనే ధనావేశపు సర్ఫాక్టెంట్ రెండింటికీ అంటుకోబోతుంది. దాన్ని ఆపేది మన వంటింటి వస్తువే. గంజిలో ఉండే పిండిపదార్థం హెమటైట్‌ను కప్పేస్తుంది. ఇసుక బుడగలెక్కి పైకి పోతుంది, ఇనుము కింద మిగులుతుంది.

విశాఖ చేరిన స్లర్రీకి ఎదురయ్యే సమస్య వేరు: నీటిని వదిలించుకోవడం. మెత్తని రేణువుల సందుల్లో నీరు మొండిగా పట్టుకుని ఉంటుంది. వడపోతలో తగిన సర్ఫాక్టెంట్ కాస్త కలిపితే తలతన్యత తగ్గుతుంది, రేణువు పైపొర నీటిని విడుస్తుంది, ముద్దలో తేమ తగ్గుతుంది. ఈ ముద్దకు బెంటోనైట్ బంకమట్టి కలిపి గుళికలు (పెల్లెట్లు) చుడతారు. అందుకు తేమ సరిగ్గా కుదరాలి. ఎక్కువైతే అవి జిగటెక్కి అతుక్కుపోతాయి. కుదిరిన గుళికలు సుమారు 1,250 డిగ్రీల సెల్సియస్ మంటలో కాలి గట్టిపడి, ఓడల్లో గుజరాత్‌లోని హజీరాకు బయల్దేరతాయి.