మునిగిన వరిపైరు – కణత్వచము

పుష్యమాసపు చలిలో ఉదయమున వంటయింటిలోనికి పోయి చూడుడు. గిన్నెలోని నెయ్యి పేరుకొని గట్టిగా ఉండును. ప్రక్కనున్న నువ్వులనూనె మాత్రము ఎప్పటివలెనే జారుచుండును. రెండును క్రొవ్వు పదార్థములే. ఈ భేదమునకు కారణము తెలిసికొన్నచో, కృష్ణా డెల్టాలో వరదనీట మునిగిన వరిచేను ఏల చచ్చునో, ఒక్కొక్కప్పుడు ఎట్లు బ్రతికి బయటపడునో కొంతవరకు బోధపడును.

జంట వరుసల పొర

వరిమొక్కలోని ప్రతి కణముచుట్టును ఒక పలుచని పొర కలదు. దీనిని కణత్వచము అందురు. దీని మందము మిల్లీమీటరులో సుమారు రెండు లక్షలవ వంతు. ఇంత పలుచని పొరయే లోపలి చక్కెరలను, లవణములను బయటకు పోనీయక కాపాడుచున్నది. ఇందులోని ముఖ్యమైన లిపిడ్లు ఫాస్ఫోలిపిడ్లు. వీని ఒక్కొక్క అణువునకు నీటితో పొత్తుగల తల ఒకటి, నీటికి దూరముగా ఉండగోరు తోకలు రెండు ఉండును. నీటిలో ఇవి తోకలు లోపలికి, తలలు వెలుపలికి ఉండునట్లు రెండు వరుసలుగా తీరును. ఎర్రరక్తకణముల పొర ఇట్టి జంట వరుస అని గోర్టర్, గ్రెండెల్ అను డచ్చి శాస్త్రజ్ఞులు 1925లో ప్రకటించిరి. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించినదియు 1925లోనే. ఫాస్ఫోలిపిడ్ల తలలో భాస్వరముండుటచే, ఆ లిపిడ్లను కొలుచుటకు ఈ పద్ధతియు, దాని సవరణలును ఎంతగానో ఉపకరించినవి.

తోకల వంపు

స్టియరిక్ ఆమ్లమునకును, ఓలియిక్ ఆమ్లమునకును 18 కార్బన్ పరమాణువులే. కాని మొదటిది సుమారు 69 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద కరగును. రెండవది 13 డిగ్రీలవద్దనే కరగును. ఓలియిక్ ఆమ్లపు గొలుసులో ఒక ద్విబంధముండి, అచ్చట గొలుసు వంగియుండుటయే ఇందుకు కారణము. తిన్నని కందికంపను మోపు కట్టినచో బిగిసి కూర్చుండును. వంకర కంపను కట్టినచో నడుమ సందులు మిగులును. నేతిలో తిన్నని సంతృప్త గొలుసులు ఎక్కువ. నువ్వులనూనెలో వంగిన అసంతృప్త గొలుసులు ఎక్కువ.

కణత్వచము నెయ్యివలె గడ్డకట్టరాదు; మరీ పలుచబడియు పోరాదు. అందలి ప్రోటీనులు కదలుచు పనిచేయవలెను గదా! అందుచే అనేక జీవులు చలి సోకినపుడు వంగిన తోకల పాలును పెంచుకొని త్వచమును మెత్తగా ఉంచుకొనును.

ఆమ్లత చేయు పని

త్వచమును మార్చునది క్రొవ్వు ఒక్కటియే కాదు. కొన్ని లిపిడ్ల తలలకు ఋణ విద్యుదావేశముండును. సజాతి ఆవేశములు వికర్షించుకొనును గనుక ఆ తలలు ఎడముగా నిలుచును. ఆమ్లత పెరిగినపుడు హైడ్రోజన్ అయానులు వానితో కలిసి ఆవేశమును తగ్గించును. అప్పుడు తలలు దగ్గరకు జరిగి, తోకలు బిగిసి, పొర గట్టిపడును. ఫాస్ఫాటిడిక్ ఆమ్లమను లిపిడ్‌నందు ఈ మార్పు కణములో సహజముగా నుండు పి.హెచ్. విలువలకు సమీపముననే జరుగును.

నీట మునిగిన చేను

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినది. ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి పారినది. అట్టి వరదలో మునిగిన మొక్కకు మొదటి కొరత ఆక్సిజన్. అది గాలిలోకంటె నీటిలో సుమారు పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును. ఊపిరాడని కణము చక్కెరను కిణ్వనముచే విడగొట్టి కొద్దిపాటి శక్తితో కాలము గడపును. హైడ్రోజన్ అయానులను బయటకు తోడు త్వచపు పంపులు శక్తి చాలక మందగించును. కణరసపు పి.హెచ్. సుమారు 7.5 నుండి 7కు దిగువకు జారవచ్చును. గొలుసులలో ద్విబంధములను కూర్చు ఎంజైములకును ఆక్సిజన్ కావలెను. కనుక పొర మరమ్మతుకూడ కుంటుపడును.

నీరు తీసిన పిమ్మట ఆపద తీరినదని తలచరాదు. ఒక్కసారిగా వచ్చిన గాలివలన పుట్టు ఉగ్రరూప ఆక్సిజన్ అణువులు అసంతృప్త గొలుసులపై దాడిచేయును. పొరకు మెత్తదనమిచ్చిన ద్విబంధమే ఇప్పుడు దాని బలహీనస్థానమగును. పొర చిట్లి లవణములు కారిపోవును. పచ్చగా తేలిన పైరు కొన్నాళ్లలోనే వాడిపోవును.

మార్టేరులో రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ రకమునకు ముంపును తట్టుకొను శక్తి తక్కువ. ఒడిషాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఏ అను వరినుండి వచ్చిన సబ్-1ఏ జన్యువును శాస్త్రజ్ఞులు 2006లో గుర్తించిరి. దానిని చేర్చిన స్వర్ణ సబ్-1 రకము 2009లో మన దేశమున విడుదలైనది. ఇది నీటిలో తొందరపడి పెరుగక చక్కెరను పొదుపుచేయును. సుమారు రెండు వారముల ముంపును ఓర్చును. నీరు తీసిన పిమ్మట కలుగు ఆక్సీకరణ నష్టమును తగ్గించుటలోను ఈ జన్యువు తోడ్పడును.

తరగతిలో ఒక ప్రయోగము

బీట్‌రూట్‌ను సమానమైన ముక్కలుగా కోసి, రంగు కారుట ఆగువరకు కడుగుడు. ఒక గాజుగ్లాసులో చన్నీరు, రెండవదానిలో 70 డిగ్రీల వేడినీరు, మూడవదానిలో వెనిగర్ పోసి, ముక్కలను వేసి అరగంట తరువాత చూడుడు. చన్నీరు దాదాపు తేటగనే ఉండును. తక్కిన రెంటిలో ఎంత రంగు దిగినదో పోల్చుడు. ఆ రంగు త్వచము ఓడిపోయినదనుటకు సాక్ష్యము. మునిగిన చేనిలోను జరుగునది ఇట్టి ఓటమియే; అందుచేతనే మురుగుకాలువ పూడిక తీసి నీటిని ఒక్కరోజు ముందుగా దింపుటయు పైరునకు ప్రాణదానమే.