బందరు రేవు – చూడదగిన తెలుగు తీరము

నందికొండల సీమలో పుట్టిన ఉత్తర పినాకిని గౌరిబిదనూరు మీదుగా పారి, రాయలసీమను దాటి, పెన్న అను పేర నెల్లూరునకు ఆవల తూర్పు సముద్రమున కలియుచున్నది. దిబ్బూరహళ్ళిలో నున్న మనకు సముద్రము దూరమే. అయినను మన ప్రాంతపు నీరు ఆ తీరమును చేరుచునే యున్నది. మన పాఠ్యపుస్తకములలో రేవు, లంక, పాయ, ఆటుపోటు అను మాటలు తఱచుగా వచ్చును. చెఱువులను, గుట్టలను మాత్రమే చూచిన బాలబాలికలకు అవి వట్టి మాటలు. వాటిని కన్నులార చూపగల పట్టణమొకటి కలదు. అదియే మచిలీపట్టణము, వాడుకలో బందరు. విశాఖపట్టణమునకు పోవు యాత్రికులు పెక్కుమంది; బందరునకు పోవువారు తక్కువ. సెలవులలో కారున పోదలచిన కుటుంబములకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

చింతామణి, మదనపల్లె, తిరుపతి, నెల్లూరు, ఒంగోలు మీదుగా విజయవాడ చేరవలెను. నెల్లూరున పెన్న వంతెన దాటునప్పుడు, ఇది మన నందికొండల సీమలో పుట్టిన నదియేయని పిల్లలకు చూపుడు. ఆ రాత్రి విజయవాడలో విశ్రమించి, మఱునాడు ఉదయమున బయలుదేరవలెను. అచటినుండి బందరు సుమారు 70 కిలోమీటర్లు. దారి పొడవునను కృష్ణ కాలువలు, వరిపొలములు కనబడును.

తిన్నగా బందరు చేరుటకంటె పామఱ్ఱు వద్ద కుడివైపు తిరుగుట మేలు. ఆ దారిలో మొదట కూచిపూడి వచ్చును. సిద్ధేంద్రయోగి పేరుతో ముడిపడిన నాట్యమునకు ఇది పుట్టినిల్లు. పిదప ఘంటసాల. ఇచట బౌద్ధస్తూప శిథిలములు కలవు. ఇచటి ఒక ప్రాకృత శాసనమున ‘మహానావికుడు’ అను మాట కలదు. నేడు సముద్రమునకు ఎడముగా నున్న ఈ గ్రామము ఒకనాటి వర్తక కేంద్రము. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలెమీ అను భూగోళవేత్త గ్రీకు భాషలో వ్రాసిన గ్రంథమున పేర్కొన్న ‘కంటకస్సిల’ ఇదియేనని పండితుల అభిప్రాయము. అంతకు ముందే, మొదటి శతాబ్దమున, పేరు తెలియని గ్రీకు నావికుడొకడు ఈ తీరమును ‘మసాలియా’ యని పిలిచి, ఇచట నూలుబట్టలు విస్తారముగా నేయబడునని వ్రాసెను. మన శిడ్లఘట్ట పట్టునకు ఎట్లు పేరుపొందెనో, ఈ తీరము నూలునకు అట్లు పేరుపొందినది.

ఆ నేర్పు నేటికిని నిలిచియున్నది. బందరునకు సమీపముననున్న పెడనలో కలంకారీ అద్దకమును చూడవచ్చును. బట్టను కరక్కాయ రసమునను పాలలోను తడిపి ఆరబెట్టుదురు. ఇనుపతుప్పును బెల్లపు నీటిలో ఊరబెట్టి నలుపు తీయుదురు. పటిక అద్దిన చోట ఎఱుపు పట్టును; పూర్వము ఆ ఎఱుపునకు చిరివేరును వాడెడివారు. శ్రీకాళహస్తిలో కలముతో చిత్రింతురు. పెడనలో చెక్కిన కొయ్య అచ్చులతో అద్దుదురు.

ఈ బట్టలకొఱకే విదేశీయులు బందరునకు వచ్చిరి. గోలకొండ సుల్తానులకు ఇది ముఖ్యమైన రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇచట వర్తకము ప్రారంభించిరి. 1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారినుండి కోటను గెలిచిరి. కాని ఈ తీరమున లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరముననే నిలువగా చిన్న పడవలతో సరకు చేరవేయవలసివచ్చెడిది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో ఉప్పెన పొంగి, సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొనెను. వర్తకము క్రమముగా లోతైన రేవులకు తరలిపోయెను. కొత్త రేవు నిర్మాణము 2023లో మొదలైనది. సాయంకాలమున మంగినపూడి తీరమునకు పొండు. పిల్లలను కెరటములలోనికి ఒంటరిగా విడువరాదు.

తిరుగు ప్రయాణమున కృష్ణ ఒడ్డునగల శ్రీకాకుళము చూడుడు. ఇది ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళము కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఇచటి ఆంధ్రమహావిష్ణువును కలలో దర్శించి ‘ఆముక్తమాల్యద’ రచించెనని ప్రసిద్ధి. కన్నడ సీమలోని విజయనగరమునుండి ఏలిన రాజు తెలుగున కావ్యము వ్రాసెను.

తలిదండ్రులకు ఒక మాట. మన తెలుగులో కన్నడపు మాటలు కలసినవని కొందఱు చిన్నబుచ్చుకొందురు. బందరు అను పేరే పారసీకము. దానికి రేవు అని అర్థము. తెలుగువారందఱు వాడు అలమార, బొత్తాము, పీపా అనునవి పోర్చుగీసు మాటలు. నలుగురు కలసిన చోట భాష ఇచ్చిపుచ్చుకొనును, అందువలన చెడదు. కావున మన పిల్లలు ఆ తీరమున తమ తెలుగును నిస్సంకోచముగా మాటలాడవలెను. అచటి కొత్త మాటలను పుస్తకమున వ్రాసికొని రావలెను.