రెండు గడియారాల ఊళ్ళో నా చదువు

"మీ పిల్ల రష్యా వెళ్ళిందటగా?" అని మా వీధిలో వాళ్ళంతా అమ్మని అడిగేవారట. "రష్యా కాదండీ, ఎస్తోనియా" అని అమ్మ చెప్పేది. "అక్కడేం మాట్లాడతారు?" అంటే, "రష్యనే" అనేది. అడిగినవాళ్ళు ముక్కున వేలేసుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళ తప్పేం లేదు లెండి. వెళ్ళివచ్చిన నాకే ఆ సంగతి తేలిగ్గా చెప్పడం చేతకాదు.

2024 ఆగస్టులో విద్యార్థుల మార్పిడి పథకం కింద నన్నొక సంవత్సరం పాటు నార్వా పంపారు. గుంటూరులో పదో తరగతి ముగించిన నన్ను అక్కడ తొమ్మిదిలో కూర్చోబెట్టారు. దేశ రాజధాని తాల్లిన్ నుంచి తూర్పుగా రెండువందల కిలోమీటర్లు దాటి పోతే ఎస్తోనియా అక్కడితో అయిపోతుంది. ఊరు చివర నది, పేరు నార్వాయే. అవతలి గట్టు రష్యా. ఇవతల ఒక కోట, అవతల ఒక కోట, మధ్య ఓ వంతెన. యాభైవేల పైచిలుకు జనాభాలో నూటికి తొంభైమందికి పైగా ఇంట్లో మాట్లాడేది రష్యన్. 1944లో యుద్ధంలో పాత ఊరు దాదాపు నేలమట్టమైంది. ఆ తరువాత పాతవాళ్ళలో చాలామందిని తిరిగి రానివ్వలేదు. సోవియట్ ప్రభుత్వం కొత్త మేడలు కట్టి, ఫ్యాక్టరీలలో పనికి దూరప్రాంతాల నుంచి జనాన్ని తెచ్చింది. 1991లో ఎస్తోనియా మళ్ళీ స్వతంత్ర దేశమైంది. మనుషులు కదల్లేదు గాని, దేశం మారింది.

మామూలు రోజు ఎలా గడిచిందో చెప్పమని ఇంటికి వచ్చినప్పటినుంచి అందరూ అడుగుతున్నారు. డిసెంబరులో ఒక మంగళవారం సంగతి చెబుతాను.

పొద్దున్న ఆరున్నరకి లేచాను. పొద్దున్న అన్నానే గాని, కిటికీలోంచి చూస్తే అర్ధరాత్రిలానే ఉంది. ఆ నెలలో అక్కడ సూర్యుడు దాదాపు తొమ్మిదైతే గాని మొహం చూపించడు. వంటింట్లో బాబుష్కా అప్పటికే గ్రేచ్కా ఉడికిస్తోంది. బాబుష్కా అంటే అమ్మమ్మ. నాయనమ్మ కూడా అదే మాట. నన్ను తమ ఇంట్లో పెట్టుకున్న ఇల్లాలి తల్లి ఆవిడ. ఆ ఇల్లాలిని నేను తేత్యా అనేదాన్ని. మన పిన్నీ, అత్తా, పెద్దమ్మా అందరికీ వాళ్ళకి ఆ ఒక్క మాటే. గ్రేచ్కా అంటే ఒక జాతి గింజలు, గోధుమరంగులో ఉంటాయి. మొదటివారం అవి తినడానికి ఏడుపొచ్చింది. మూడోనెల వచ్చేసరికి అవి లేకపోతే ఏడుపొచ్చేది.

తమ్ముడు మాత్రం ఇంకా దుప్పట్లోనే ఉన్నాడు. వాడు నాలుగో తరగతి. "కడుపులో నొప్పి" అన్నాడు. కిందటి మంగళవారం కూడా అదే నొప్పి. అంతకుముందు మంగళవారం కూడానూ. తేత్యా నుదురు ముట్టుకు చూసి, "జ్వరం లేదు. లే" అంది. బాబుష్కా ఏమీ అనకుండా గరిటె గట్టిగా గిన్నెకేసి కొట్టింది.

ఆ నొప్పి నాకు తెలుసు. ఐదో తరగతి దాకా మా పల్లెలో తెలుగు మీడియంలో చదివాను. ఆరులో గుంటూరు తీసుకొచ్చి ఇంగ్లీషు మీడియంలో వేశారు. మొదటిరోజున బయటికి వెళ్ళాలని టీచరుగారిని ఇంగ్లీషులో ఎలా అడగాలో తెలియక, మూడో పీరియడు దాకా బిగబట్టుకు కూర్చున్నాను. చివరకేమైందో రాయను. మరునాటినుంచి నాకు రోజూ కడుపునొప్పే.

తమ్ముడి మంగళవారం సంగతీ అంతే. ఆ రోజు ప్రకృతి శాస్త్రం పాఠం ఉంటుంది, ఎస్తోనియన్‌లో. 2024 సెప్టెంబరు 1 నుంచి ఆ దేశంలో రష్యన్ బడుల్లో ఒకటో తరగతి, నాలుగో తరగతి పాఠాలు ఎస్తోనియన్‌కి మార్చారు. ఏటేటా పై తరగతులకి పాకిస్తూ 2030 నాటికి మొత్తం మార్పు పూర్తిచేయాలని వాళ్ళ ఏర్పాటు. వీడు మూడేళ్ళు రష్యన్‌లో చదివి, సరిగ్గా నాలుగులో అడుగు పెట్టేసరికి పుస్తకాలు మారిపోయాయి. తొమ్మిదిలో ఉన్న మా పాఠాలు మాత్రం రష్యన్‌లోనే సాగాయి.

సరే, ఇద్దరం బయలుదేరాం. కోటుకి హెల్కుర్ వేలాడుతోంది. అది వెలుతురు పడితే మెరిసే చిన్న బిళ్ళ. చీకట్లో నడిచేవాళ్ళు అది తగిలించుకోవాలని చట్టం. మంచుదారిలో పిల్లలంతా మిణుగురుల్లా వెళుతుంటే మొదట్లో నాకు భలే సరదా వేసేది. బడికి చేరగానే బరువు బూట్లు విప్పేసి, సంచీలోంచి తెచ్చుకున్న జోళ్ళు వేసుకోవాలి. దాన్ని స్మేన్కా అంటారు. మన ఇళ్ళల్లో గుమ్మం బయట చెప్పులు విప్పినట్టే ననుకోండి. ఆ ఒక్క అలవాటుతో బడి నాకు సగం మన ఇల్లులా అనిపించింది.

టీచరుగారు గదిలోకి రాగానే అందరం లేచి నిలబడ్డాం. ఆవిడని పేరూ, తండ్రిపేరూ కలిపి పిలవాలి, అదే మర్యాద. తండ్రి ఇవాన్ అయితే కూతురు ఇవానొవ్నా. లెక్కన ఏ సుబ్బారావుగారమ్మాయో అక్కడ పంతులమ్మ అయితే "సుబ్బారావొవ్నా" అవుతుందన్నమాట! ఈ ముక్క మా క్లాసులో చెబితే నవ్వి నవ్వి, ఆ రోజునుంచి నన్ను కూడా మా నాన్న పేరుతో అలాగే పిలవడం మొదలుపెట్టారు.

పాఠం 45 నిమిషాలు. లెక్కల గురించి చెప్పేదేం లేదు. లెక్కలు అన్ని దేశాల్లోనూ లెక్కలే. రెండో పాఠంలో కిటికీ బూడిదరంగు తిరిగి, తరువాత గులాబీ తిరిగి, తెల్లవారింది. సాహిత్యం క్లాసులో పుష్కిన్ పద్యం ఒక్కొక్కరినీ లేపి అప్పగించమన్నారు. నేను నాలుగు పాదాలు తడబడుతూ ఒప్పజెప్పాను. "మలదేత్స్" అన్నారావిడ, అంటే శభాష్ అని. ఐదు మార్కులు వేశారు. ఆ సాయంత్రం ఫోనులో "అమ్మా, ఐదు వచ్చింది" అంటే అమ్మ గుండె గుభేలుమంది. "ఎంతకే? వందకా?" అంది. ఐదుకి ఐదని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

మధ్యాహ్నం భోజనం బడిలోనే, డబ్బు కట్టక్కర్లేదు. సూపు, ఉడికిన బంగాళాదుంప, నల్లరొట్టె. భోజనశాలలో నాలుగో తరగతి పిల్లలు దూరంగా కనిపించారు. మామూలుగా ఆ బల్లలు సంతలా ఉంటాయి. తమ్ముడు మాత్రం చివర కూర్చుని రొట్టె తుంచుతున్నాడు గాని తినడం లేదు.

రెండున్నరకి బయటపడ్డాం. వాడికి ముందే అయిపోయినా నాకోసం ఆగాడు. "నది దాకా వెళదాం" అన్నాడు. అప్పటికే ఎండ పలచబడింది. మూడు దాటితే సూర్యుడు దిగిపోతాడు. గట్టుమీద నుంచుంటే అవతల ఇవాన్‌గోరద్ కోట, 1492లో మాస్కో రాజు మూడో ఇవాన్ కట్టించింది. మనవైపు కోటలో పొడుగాటి హెర్మన్ బురుజు. ఒకదాన్నొకటి చూసుకుంటూ అయిదువందల ఏళ్ళకు పైగా నుంచున్నాయి.

జేబులో ఫోను గుర్రుమంది. చూద్దును గదా, గంట ముందుకు దూకింది. అవతలి గట్టు తరంగాలు అందుకుని మాస్కో టైము చూపించింది. వేసవిలో రెండు గట్లదీ ఒకటే టైము, చలికాలంలో గంట తేడా. అందుకే ఆ ఊళ్ళో చాలా ఇళ్ళల్లో కొత్త సంవత్సరం రెండుసార్లు వస్తుంది: రాత్రి పదకొండింటికి మాస్కోతో ఒకసారి, పన్నెండింటికి తాల్లిన్‌తో ఇంకోసారి.

ఆ వంతెన పేరు స్నేహ వంతెన. 2024 ఫిబ్రవరి నుంచి దాని మీద వాహనాలు పోవడం లేదు, నడిచే పోవాలి. ఆ మే నెల నుంచి రాత్రిళ్ళు అదీ లేదు. ఆ రోజు సంచులు పట్టుకుని ముసలివాళ్ళు వరసలో నుంచుని ఉన్నారు. బాబుష్కా అక్కగారు అవతలి గట్టున ఉంటుంది. ఒకప్పుడు కూర ఉడికేలోగా వెళ్ళి ఉప్పు అడిగి తెచ్చుకునేంత దూరమని బాబుష్కా అంటుంది. కొంచెం ఎక్కువచేసి చెబుతుందేమో గాని, నాకైతే వినబుద్ధి వేసేది.

తమ్ముడు రాళ్ళు విసురుతూ, "రెండు వచ్చింది" అన్నాడు. "దేనిలో?" "ప్రకృతి శాస్త్రంలో. జవాబు తెలుసు. నక్క ఎక్కడుంటుందో నాకు తెలియదా? రష్యన్‌లో తెలుసు."

ఇంటికి వచ్చాక సాయంత్రం భోజనం దగ్గర ఆ రెండు మార్కులు బయటపడ్డాయి. బాబుష్కా సీసాలో ఊరబెట్టిన ష్చవేల్ ఆకుతో పుల్లటి సూపు చేసింది. ఒక్క గుటక వేసి, "ఇది మా చుక్కకూర!" అని అరిచాను. (నిజంగానే రెండూ ఒకే జాతి మొక్కలు.) కాని ఆ సంబరం నిలవలేదు.

"పసివాడి నోరు కట్టేశారు" అంది బాబుష్కా. "వాడికి తెలిసిందే అడగరు. వాడికి రాని భాషలో అడుగుతారు. ఎప్పటినుంచో చెబుతున్న టీచర్లు కొందరు ఆ భాష చాలక ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఇది చదువా?"

తేత్యా చెంచా కింద పెట్టింది. "అమ్మా, నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఈ దేశంలో పుట్టాను. తాల్లిన్‌లో మంచి ఉద్యోగం ఎందుకు రాలేదు? భాష రాక. వీడికీ అదే రాసిపెట్టమంటావా? ఎస్తోనియన్లు మొత్తం కలిపి ఎంతమంది? దేశమంతా కలిపితే పదమూడు, పద్నాలుగు లక్షలు, అందులో మనమూ ఉన్నాం. వాళ్ళ భాష వాళ్ళ దేశంలో చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతారు?"

ఇద్దరూ నావైపు చూశారు. తీర్పు చెప్పడానికి నేనెవర్ని? తేత్యా మాట నాకు న్యాయంగానే తోచింది. కాని బల్ల కింద తమ్ముడి కాళ్ళు ఊగడం ఆగిపోవడం కూడా నాకు కనిపిస్తోంది. మూడేళ్ళు ఒక భాషలో చదివినవాణ్ణి ఒక్క వేసవి సెలవుల్లో దాటించడం మాత్రం తొందరేనని నాకిప్పటికీ అనిపిస్తుంది.

బాబుష్కా లేచి వెళ్ళి కుర్చీమీద ఆరేసిన నా నూలు ఓణీ తీసుకుని మడత పెట్టసాగింది. కోపమొస్తే ఏదో ఒకటి మడత పెడుతుంది. వేళ్ళ మధ్య బట్ట నలిపి, "మంచి దారం" అంది. ఆవిడ క్రేన్‌హోల్మ్ మిల్లులో దారం వడికే మనిషి. 1857లో నది మధ్య లంకమీద, జలపాతం బలంతో నడిచేట్టు కట్టిన మిల్లు అది. ఒకప్పుడు వేలమంది పనిచేసేవారు. 2010లో దివాలా తీసి మూతపడింది. మా జిల్లాలో పత్తి పండుతుందని చెబితే, "చెట్టున ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నలభై ఏళ్ళు దాన్నే ముట్టుకున్నాను" అంది. ఆవిడ దగ్గర ఉన్నది బూడిదరంగు పాస్‌పోర్టు. ఏ దేశపు పౌరురాలూ కాదని అర్థం.

ఎనిమిదింటికి తమ్ముడు నా పక్కన పుస్తకం పడేశాడు. ఎస్తోనియన్ హోంవర్కు. నాకూ ఆ భాష ఓనమాలే. కాని వాడు ఎక్కడ చిక్కుకున్నాడో చూస్తే నాకు నవ్వొచ్చింది. "బడిలో" అని రాయాలి. రష్యన్‌లో, ఇంగ్లీషులోలాగే, "లో" అనే మాట ముందొస్తుంది. వాడు ఆ ముందుమాట కోసం వెతుకుతున్నాడు. ఎస్తోనియన్‌లో ముందు ఏమీ లేదు.

"మా భాషలో చూడు" అన్నాను. "బడి. బడిలో. బడినుంచి. తోక వెనకాల తగులుతుంది. మీ పుస్తకంలోనూ అంతే. కోల్. కోలిస్. కోలిస్త్."

వాడు నా మొహం చూశాడు. "మీ భాషలోనూ ముందు ఏమీ పెట్టరా?"

"పెట్టం."

"ఇల్లు అయితే?" "ఇంట్లో." "అడవి అయితే?" "అడవిలో." "లో, లో, లో" అని తొడమీద చరుచుకుంటూ గదంతా తిరిగాడు. తరువాత కూర్చుని, నక్క అడవిలో ఉంటుందని ఎస్తోనియన్‌లో రాశాడు. పది వాక్యాలకి ఏడు సరిగా రాశాడు. ఆ ఏడూ సరైనవని తేల్చింది తేత్యాయే గాని నేను కాదు.

చివరి ప్రశ్న ఇంట్లోవాళ్ళ గురించి. ఎస్తోనియన్‌లో అమ్మని ఎమ అంటారు. అమ్మమ్మని వన ఎమ అంటారు. వన అంటే ముసలి. వాడు గట్టిగా చదివాడు. నా చెవికి మాత్రం "వనమ్మ" అని వినిపించింది. మా పల్లెలో వనమ్మగారని ఒకావిడ ఉండేదని, ఆవిడ పాలు పోస్తూ ఊరంతటినీ తిట్టేదని చెప్పాను. తమ్ముడు పడీపడీ నవ్వి, వంటింట్లోకి పరుగెత్తి, "వనమ్మా! వనమ్మా!" అని పిలిచాడు.

బాబుష్కా గుమ్మంలోకి వచ్చింది, చేతిలో తడిగుడ్డతో. "అదేమిటి?" అంది. వాడు చెప్పాడు. ఆవిడ ఒక నిమిషం ఊరుకుని, పెదవులతో చూసుకుని, మెల్లిగా "వన... ఎమ" అంది.

"ముసలిదాన్ని కాను" అంది తరువాత. "పళ్ళు తోముకుని పడుకోండి. రేపు బడి లేదూ?"